బీడు పొలంలో కలప చెట్లు: నాలుగో ఏడు ఎవరు చూస్తారు?

పొలం ఖాళీగా పడి ఉందని సలహా అడగడానికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ ఒకే ప్రశ్నతో మొదలుపెడతారు. "ఏ చెట్టు వేస్తే బాగుంటుంది?" టేకా, మహాగనియా, మలబారు వేపా, ఇంకేదైనా కొత్త రకం వచ్చిందా? నేను తిరిగి ఒకటి అడుగుతాను. "నాలుగో ఏడు ఆ తోటలో కొమ్మలు కోసేదెవరు? ఎనిమిదో ఏడు సగం చెట్లు తీసెయ్యాల్సి వచ్చినప్పుడు ఏవి ఉంచాలో, ఏవి తియ్యాలో తేల్చేదెవరు?" దీనికి జవాబు ఉన్నవాళ్లకు చెట్టు ఎంచుకోవడం పెద్ద పని కాదు. జవాబు లేనివాళ్లకు ఎంత మంచి రకం చెప్పినా లాభం లేదు.

నేను చాలా ఏళ్లు కోత మిల్లులో కలప కొలిచే పని చేశాను. లారీలోంచి దించిన ప్రతి దుంగకీ టేపు చుట్టి, పొడవు రాసి, రెండు చివర్లూ చూసి నాణ్యతలో ఏ తరగతిలో వెయ్యాలో చెప్పడం నా పని. దుంగ చివర చూస్తే దాని బతుకంతా కనపడుతుంది. మొదట్లో వెడల్పుగా ఉన్న వలయాలు ఒక్కసారిగా దారం మందానికి వచ్చేశాయంటే, ఆ ఏటి నుంచి పక్క చెట్లతో కలిసిపోయి వెలుతురు కోసం కొట్టుకుందన్నమాట. పలక కోస్తుంటే వరసగా నల్లటి ముడులు బయటపడ్డాయంటే, ఎండిపోయిన కొమ్మల్ని ఎవరూ కొయ్యలేదని అర్థం. పొలంలో పెంచిన కలపలో నేను పక్కన పెట్టిన దుంగల్లో ఎక్కువ భాగం రకం తప్పు వల్ల కాదు, నేల తప్పు వల్ల కూడా కాదు. నాటినవాళ్లు ఆ తర్వాత తోటలోకి వెళ్లలేదు, అంతే.

అసలు ఆ పొలం ఎందుకు ఖాళీగా ఉందో చూడండి. పిల్లలు ఊరు వదిలి వెళ్లిపోయారు. పెద్దవాళ్లకు దుక్కి దున్నే ఓపిక లేదు. కూలికి మనుషులు దొరకడం లేదు. అన్నదమ్ముల పంపకం తేలలేదు. లేదా నేల సన్నగిల్లి, నీరు కిందికి పోయి, పంట పెట్టుబడి కూడా తిరిగి రావడం లేదు. ఈ కారణాల్లో చాలావాటి అర్థం ఒకటే, పని చేసే చేతులు లేవు. చేతులు లేవు కాబట్టి చెట్లు వేద్దాం, అవే పెరుగుతాయి అని మనం అనుకుంటాం. అవి పెరుగుతాయి కూడా. కానీ చెట్టు పెరగడం వేరు, కలప తయారవడం వేరు. పంటకు ఏటా చాకిరీ కావాలి. కలపకు ఏటా అక్కర్లేదు, కానీ కావాల్సిన ఏడు మాత్రం ఎవరో ఒకరు ఉండి తీరాలి. ఆ ఏడు దాటిపోతే మళ్లీ రాదు.

లెక్క ఒకటి చెబుతాను. ఎత్తు సమానంగా ఉన్న రెండు చెట్లలో ఒకటి పదిహేను సెంటీమీటర్ల వ్యాసం, ఇంకోటి ముప్ఫై. రెండోది మొదటిదానికి రెండింతలు అనుకుంటాం. కలప లెక్కలో అది నాలుగింతలు. ఎందుకంటే పరిమాణం వ్యాసానికి వర్గంగా పెరుగుతుంది. పైగా సన్న దుంగలో బెరడు, తెల్లచెక్క, వంపులు తీసేశాక పలకకు మిగిలేది మరీ తక్కువ. టేకు లాంటి చెట్టులో విలువంతా మధ్యలో ఉండే చేవలోనే ఉంటుంది కాబట్టి సన్న దుంగకూ లావు దుంగకూ ఉన్న తేడా నాలుగింతల కంటే కూడా ఎక్కువే. అంటే ఒకే నేలలో, ఒకే వానతో, నాలుగు వందల సన్న చెట్లు పెంచడం కంటే వంద లావు చెట్లు పెంచడమే మేలు. ఆ వంద లావు కావాలంటే మిగతా మూడు వందలూ దారి ఇవ్వాలి. ఎప్పుడు ఇవ్వాలన్నదే అసలు సంగతి.

మూడు మీటర్ల దూరంలో నాటితే హెక్టారుకు సుమారు 1,100 మొక్కలు పడతాయి. రెండు మీటర్ల దూరమైతే 2,500. టేకు తోట చివరి కోతకు వచ్చేసరికి హెక్టారులో రెండు, మూడు వందల చెట్లు మిగిలితే అది చక్కగా చూసుకున్న తోట. మరి మొదటే అన్ని నాటడం ఎందుకంటే, దగ్గరగా ఉంటే చిన్నప్పుడు నిటారుగా ఎదుగుతాయి, పక్క కొమ్మలు సన్నగా ఉంటాయి, గడ్డి త్వరగా తగ్గుతుంది, పైగా మంచివాటిని ఏరుకునే వీలుంటుంది. ఆ ఏరుకోవడమే జరగకపోతే దగ్గరగా నాటడం వల్ల వచ్చిన మేలంతా కీడుగా తిరుగుతుంది. ఆకుల గుబురు పైపైకి పోతుంది, కింద కొమ్మలు ఎండిపోతాయి, కాండం సన్నగా వాసంలా సాగుతుంది. చెట్టు ఎత్తులో కనీసం మూడో వంతు వరకైనా పచ్చటి గుబురు ఉండాలి. అంతకంటే తగ్గిందంటే ఆలస్యమైనట్టే. ఇంకో కొలత ఉంది. ఎత్తును కాండం వ్యాసంతో భాగించండి, రెండూ ఒకే కొలతలో పెట్టి. ఎనభై లోపు వస్తే చెట్టు గట్టిగా నిలబడి ఉంది. వంద దాటితే, అంటే ఇరవై మీటర్ల చెట్టు ఇరవై సెంటీమీటర్ల లావు కూడా లేకపోతే, పక్క చెట్ల ఆసరాతో నిలబడి ఉందని. అప్పుడు ఒక్కసారిగా పలచన చేస్తే ఉంచిన చెట్లే గాలికి పడిపోతాయి. చెయ్యకపోతే ఏవీ లావెక్కవు. ఆ స్థితికి చేరిన తోటను చూసి సలహా చెప్పమంటే నాకు నిజంగా బాధేస్తుంది. చెప్పడానికి మంచి మాట ఏదీ మిగలదు.

ముడుల సంగతీ అంతే. కాండం పది సెంటీమీటర్ల లావు ఉన్నప్పుడే కింది కొమ్మలు కోసేస్తే, ముడులన్నీ ఆ పది సెంటీమీటర్ల లోపలే ఉండిపోతాయి. ఆ తర్వాత చుట్టూ పేరుకునేదంతా ముడి లేని చెక్క. అదే పని ఆరేళ్లు ఆలస్యంగా చేస్తే దుంగ సగానికి పైగా ముడులతోనే ఉంటుంది. పైగా లావెక్కిన కొమ్మ కోసిన చోట గాయం మానడానికి ఏళ్లు పడుతుంది, కుళ్లు లోపలికి దిగుతుంది. ఒక్కసారే అంతా గొరిగెయ్యకూడదు. ఉన్న పచ్చటి గుబురులో మూడో వంతు దాటి ఎప్పుడూ తీయొద్దు. కొమ్మ మొదట్లో ఉబ్బుగా కనపడే గాజులాంటి వలయాన్ని కోయకుండా దాని అంచునే రంపం ఆనించండి, గాయం పూడ్చేది ఆ వలయమే. కత్తితో నరికితే కొమ్మతో పాటు బెరడు చీలుతుంది, అందుకే నేను రంపమే వాడమంటాను. ఇది బరువు పని కాదు. పొడవు కర్రకు కట్టిన రంపంతో ఆడవాళ్లు, మగవాళ్లు ఎవరైనా చెయ్యొచ్చు. కానీ పని తెలిసిన మనిషి ఆ రోజు అక్కడ ఉండాలి.

మా పెదనాన్న వ్యవసాయం మానేశాక తన మెట్ట పొలంలో చెట్లు పెట్టాడు. ఆయన పోయాక ఆ తోట నా చేతికి వచ్చింది, ఎందుకంటే ఆయన కొడుకు, అంటే నాకు తమ్ముడు, ఉద్యోగం మీద దూరంగా ఉంటాడు. మొదటిసారి పలచన చెయ్యడానికి చెట్లకు రంగు గుర్తులు పెట్టినప్పుడు వాడికి ఫోటోలు పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"అక్కా, ఇన్ని కొట్టెయ్యాలా? నాన్న చేత్తో పెట్టినవి కదా."

వాడి గొంతులో ఉన్నది డబ్బు లెక్క కాదు. నాకూ ఆ చెట్ల మధ్య నడుస్తుంటే ఆయన గుర్తొస్తాడు. "పెదనాన్న పెట్టింది కలప కోసం నాన్నా. ఇవి ఇలాగే ఉంటే ఒక్కటి కూడా దూలం కాదు. ఆయన అనుకున్నది జరగాలంటే ఇవి పోవాలి" అని చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీకు తెలుసు కదా, నువ్వు చూసుకో" అన్నాడు. చాలా కుటుంబాల్లో ఈ ఫోన్ జరగదు. జరిగినా అవతల మనిషి ఒప్పుకోడు. పలచన చెయ్యని తోటల్లో సోమరితనం కంటే ప్రేమే ఎక్కువ కారణమని నాకు అనిపిస్తుంది. అందుకే నాటేటప్పుడే ఇంట్లో అందరికీ చెప్పి పెట్టాలి, వీటిలో నాలుగింట మూడు చెట్లు మధ్యలోనే వెళ్లిపోతాయని.

ఇదే కథ ఒక దేశమంతా జరిగితే ఎలా ఉంటుందో చూడాలంటే జపాన్ వైపు చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్లు కట్టుకోవడానికి కలప కావాలని, బోడిగా ఉన్న కొండలన్నీ పచ్చబడాలని అక్కడి ఊళ్లవాళ్లు సుగి, హినోకి అనే రెండు రకాల చెట్లను విస్తారంగా నాటారు. ఈ రోజుకీ ఆ దేశపు అడవిలో నూటికి నలభై వంతులు, సుమారు కోటి హెక్టార్లు, మనుషులు నాటినదే. 1964 నాటికి విదేశీ కలప దిగుమతి మీద ఆంక్షలు పూర్తిగా తొలగిపోయాయి. చవక కలప ఓడల్లో దిగింది. ఊళ్లలో కుర్రవాళ్లు నగరాలకు వెళ్లిపోయారు. దగ్గర దగ్గరగా నాటిన చెట్లను పలచన చేసే మనిషి లేకుండా పోయాడు. 2002లో ఆ దేశం వాడుకున్న కలపలో సొంతది నూటికి పంతొమ్మిది వంతులు కూడా లేదు, కొండల నిండా చెట్లు ఉండి! చూడని తోటల్లో నేల మీద వెలుతురు పడక చిన్న మొక్కలు, గడ్డి చచ్చిపోయాయి. వానకు పైమట్టి కొట్టుకుపోయే పరిస్థితి వచ్చింది. సుగి పుప్పొడి వల్ల ఏటా వసంతంలో కోట్ల మందికి తుమ్ములు, కళ్ల దురదలు.

అక్కడ ఇంకో చిక్కు కూడా వచ్చింది. తాత నాటాడు, మనవడికి హద్దులు తెలియవు, కొన్నింటికి యజమాని ఎవరో కూడా తెలియదు. 2019లో అమల్లోకి వచ్చిన ఒక చట్టంతో, యజమాని చూసుకోలేని తోటల నిర్వహణను స్థానిక పురపాలక సంస్థలు చేపట్టే వీలు కల్పించారు. దాని ఖర్చు కోసం 2024 నుంచి మనిషికి ఏడాదికి వెయ్యి యెన్‌ల అటవీ పన్ను వసూలు చేస్తున్నారు. ఇప్పుడు వాళ్ల సొంత కలప వాటా నలభై శాతం దాటింది. అంటే ఆలస్యంగా అయినా సరిదిద్దుకుంటున్నారు. నేను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. జపాన్‌వాళ్లకు అడవి పని తెలియక కాదు, శతాబ్దాలుగా సుగి పెంచి దూలాలు కోసుకున్నవాళ్లు. చేతులు లేకపోతే అంతటి నేర్పు కూడా పనికి రాలేదు.

ఇక "ఖాళీ పొలం" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. కాగితం మీద ఖాళీగా ఉన్న పొలం నిజంగా ఖాళీగా ఉండటం నేను చాలా అరుదుగా చూశాను. ఎవరిదో ఒకరి మేకలు అక్కడ మేస్తుంటాయి. పొయ్యిలోకి పుల్లలు ఏరుకునేవాళ్లు ఉంటారు. అవతలి పొలానికి బండి బాట దాని మీదుగానే ఉంటుంది. నోటి మాట మీద ఎవరో ఒక మూల కాస్త సాగు చేసుకుంటూ ఉంటారు. యజమాని దూరంగా కూర్చుని కంచె వేయించి మొక్కలు పెట్టిస్తే, వీళ్లందరికీ అది పోగొట్టుకున్న నేల. ఆ తోటకు నిప్పు అంటుకున్నప్పుడు పరుగెత్తుకొచ్చేది వాళ్లే కావాలి. వాళ్లెందుకు వస్తారు?

అందుకే నాటడానికి ముందు ఏడాది మొత్తం ఆ పొలంలోకి ఎవరెవరు వస్తున్నారో చూడండి. వాళ్లతో కూర్చుని మాట్లాడండి. మేకలకు మొదటి మూడు, నాలుగేళ్లు మాత్రమే అడ్డు చెప్పి, మొక్కలు తల అందనంత ఎత్తు పెరిగాక గడ్డి మేపుకోనివ్వొచ్చు. అది తోటకు కూడా మంచిదే, ఎండాకాలం మంటకు ఆధారమయ్యే గడ్డి తగ్గుతుంది. కోసిన కొమ్మలు పుల్లలకు ఇవ్వొచ్చు. బండి బాటను అలాగే వదిలెయ్యాలి. అది మంటను ఆపే చాలుగా కూడా పనికొస్తుంది.

పక్క పొలాల సంగతి కూడా. వేగంగా పెరిగే చెట్టు నీళ్లు కూడా వేగంగా తాగుతుంది. గడ్డి నేలను చెట్ల తోటగా మారిస్తే వాగులో పారే నీరు తగ్గుతుందని దక్షిణాఫ్రికాలో దశాబ్దాల పాటు వాగులను కొలిచి నిర్ధారించారు. అందుకే వాళ్ల 1998 జల చట్టం వాణిజ్య చెట్ల పెంపకాన్ని వాగు నీటిని తగ్గించే పనిగా గుర్తించి, దానికి నీటి అనుమతి కావాలంటుంది. నీరు తక్కువగా ఉన్న చోట బావికి, వాగు గట్టుకు ఆనుకుని యూకలిప్టస్ వరసలు పెట్టడం పక్కవాళ్లకు చేసే అన్యాయం. హద్దు మీద పెట్టే చెట్టు నీడ, వేర్లు అవతలి పంట మీదికి పోతాయి. హద్దు నుంచి జరిగి పెట్టండి, మధ్యలో కందకం తీయండి.

రకాల గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే ఆ సమాచారం ఎక్కడైనా దొరుకుతుంది. దొరకనిది ఒకటే, ఒకే రకం మీద అంతా పెట్టొద్దన్న మాట. మొక్కలు అమ్మేవాళ్లు ఆ మాట చెప్పరు. ఐర్లాండులో ఎంతోమంది రైతులు ప్రభుత్వ సాయంతో పొలాల్లో యాష్ చెట్లు వేశారు. వాళ్ల హర్లింగ్ ఆటకు వాడే కర్రలు ఆ చెట్టుతోనే చేస్తారు, మార్కెట్ ఉంది, చెట్టు సొంత దేశానిది, తప్పు పట్టడానికి ఏమీ లేదు. 2012 అక్టోబరులో లీట్రిమ్ కౌంటీలో, దిగుమతి చేసుకున్న మొక్కల్లో ఒక శిలీంధ్రపు తెగులు బయటపడింది. ఆ తర్వాత అది దేశమంతా పాకింది. ఇరవై ఏళ్లు చూసుకున్న తోటలు కళ్ల ముందే ఎండిపోతున్నాయి. ఆ రైతులు చెయ్యాల్సినవన్నీ చేసినవాళ్లే. వాళ్ల తోటలో నాలుగు రకాలు ఉండి ఉంటే నష్టం నాలుగో వంతుతో పోయేది.

మహాగని గురించి అడిగేవాళ్లకు కూడా ఇదే చెబుతాను. దాని చిగురును తొలిచే పురుగు ఒకటి ఉంది. మొక్క తల పోతే పక్క నుంచి రెండు మూడు కొమ్మలు లేచి కాండం గుబురు పొదలా తయారవుతుంది. ఆ చెట్టు పుట్టిల్లు అయిన అమెరికా ఉష్ణమండలంలోనే ఈ పురుగు వల్ల వట్టి మహాగని తోటలు పెంచడం గగనమైంది. ఆ పురుగు లేని ఫిజీ దీవుల్లో మాత్రం పెద్ద పెద్ద తోటలు లేచాయి. ఎండ పూర్తిగా తగిలే బయలులో బారులు తీర్చి పెట్టడం కంటే, పాక్షిక నీడలో వేరే చెట్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పెడితే పురుగు బెడద తగ్గుతుంది. నేలలో నత్రజని నిలిపే చెట్లను మధ్య మధ్య వేస్తే సన్నగిల్లిన నేలకు సాయం, మొదటి పలచనలో తీసెయ్యడానికి అవే ముందు పోతాయి.

నేల గురించి ఒక్క మాట. ఏళ్ల తరబడి ఒకే లోతున దున్నిన పొలంలో అడుగున గట్టి పొర ఏర్పడి ఉంటుంది. చిన్న గుంటలో మొక్క పెడితే వేరు ఆ పొర దగ్గర ఆగి పక్కకు తిరుగుతుంది. రెండేళ్లు బాగానే ఉండి మూడో ఎండాకాలం వాడిపోయే మొక్కల్లో చాలావాటి కథ ఇదే. గడ్డపారతో అడుగు పొరను పగలగొట్టి పెట్టండి. మొక్క చుట్టూ మీటరు వెడల్పున మొదటి రెండు, మూడేళ్లు గడ్డి లేకుండా చూడండి. ఎరువు కంటే ఇదే ఎక్కువ పని చేస్తుంది.

నేల వాలుగా ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి. న్యూజిలాండు తూర్పు తీరంలో 1988లో బోలా తుఫానుకు కొండవాలు మేత భూములు జారి నదులు మట్టితో నిండిపోయాయి. నేలను పట్టి ఉంచడానికి ప్రభుత్వ సాయంతో పైన్ చెట్లు విస్తారంగా వేశారు. చెట్లు పెరిగాయి, నేలను పట్టాయి. కానీ అవి సుమారు ముప్ఫై ఏళ్లకు కోతకు వచ్చే కలప తోటలు. వాలు మొత్తం ఒకేసారి నరికాక పాత వేర్లు కుళ్లి, కొత్త వేర్లు ఇంకా పట్టు చిక్కక, ఆ మధ్య కొన్నేళ్లు నేలను పట్టుకునేదేదీ లేకుండా పోతుంది. 2018 జూన్‌లో టోలాగా బేలో, 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుఫానులో ఆ వాలుల మీద వదిలేసిన దుంగలు, కొమ్మలు మట్టితో కలిసి కిందికి వచ్చి వంతెనల మీద, పొలాల మీద, సముద్రపు ఒడ్డున గుట్టలుగా పడ్డాయి. వాలు మీద కలప పెంచాలంటే ఒకేసారి నరికే ఆలోచనే పెట్టుకోకూడదు. అక్కడక్కడా ఏరి తీస్తూ, తీసిన చోట మళ్లీ నాటుతూ పోవాలి. మరీ నిటారు వాలైతే కోతకు కాకుండా శాశ్వతంగా ఉండే చెట్లకే వదిలెయ్యాలి.

అన్నిటి కంటే ముందు తేల్చుకోవాల్సింది, చెట్టు పెద్దయ్యాక ఎవరిది అన్నది. నా పొలంలో నా చెట్టు నాదే అనుకోవద్దు. ఘానాలో 1962 నాటి చట్టం ప్రకారం పొలంలో సహజంగా మొలిచిన కలప చెట్టు మీద హక్కు ప్రజల తరఫున దేశాధ్యక్షుడిది. అనుమతి ఉన్న కాంట్రాక్టరు వచ్చి చెట్టు కొడితే అది కోకో మొక్కల మీద పడి పంట పాడవుతుంది. చెట్టు డబ్బులు రైతుకు రావు. దాంతో చాలామంది రైతులు మంచి కలప మొక్క మొలిస్తే చిన్నప్పుడే పీకేస్తారు, లేదంటే మొదట్లో బెరడు చుట్టూ తీసి చంపేస్తారు. ఎవరిదో తెలియని చెట్టును ఎవరూ పెంచరు. నైజర్ దేశంలో దీనికి తిరగేసిన కథ జరిగింది. 1980లలో మరాడి ప్రాంతంలో పని చేస్తున్న ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో, నాటిన మొక్కలన్నీ చస్తుంటే, దున్నిన పొలాల్లోనే పాత చెట్ల మొద్దుల నుంచి పిలకలు వస్తున్నాయని గమనించాడు. రైతులు ఆ పిలకల్లో మంచివి రెండు మూడు ఉంచి మిగతావి కోసుకోవడం మొదలుపెట్టారు. ఆ చెట్లు తమవేనని, కొట్టుకున్నా ఎవరూ జరిమానా వెయ్యరని నమ్మకం కలిగాక ఆ పద్ధతి ఊరి నుంచి ఊరికి పాకి దాదాపు యాభై లక్షల హెక్టార్లకు చేరింది. అక్కడ ఎక్కువగా వచ్చేది వంటచెరకు, వాసాలు, పశువుల మేత, పెద్ద దూలాలు కాదు. అయినా నాకు ఆ కథంటే ప్రాణం. మీ బీడులో మొక్క కొనే ముందు వంగి చూడండి. మంచి రకం మొద్దు నుంచి పిలకలు ఇప్పటికే లేస్తూ ఉండొచ్చు. దాని వేరు లోతుగా దిగి ఉంటుంది కాబట్టి నర్సరీ మొక్కకంటే ముందు నడుస్తుంది.

మీ ప్రాంతంలో ఏ చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, ఏది రవాణా చెయ్యాలంటే కాగితం కావాలి, నాటినట్టు రుజువు ఏది అడుగుతారు అన్నవి నాటే ఏడే కనుక్కుని, నాటిన రకాలూ సంఖ్యా ఫోటోలతో సహా రాసి పెట్టుకోండి. అన్నదమ్ముల పొలమైతే ఎవరి వాటా ఎంతో కూడా అప్పుడే రాసుకోండి. చెట్లు చిన్నగా ఉన్నప్పుడు ఈ మాటలు తేలిగ్గా అవుతాయి. లావెక్కాక ప్రతి చెట్టు ఒక తగువు.

మరి చేతులు తక్కువ ఉన్న ఊరు చెట్లు పెట్టకూడదా? పెట్టాలి. నేను కోరుకునేది అదే. కానీ ఎకరాలను బట్టి కాకుండా చేతులను బట్టి పెట్టాలి. ఒక కుటుంబం ఏడాదికి ఎంత మేర కొమ్మలు కోసి, గడ్డి తీసి చూసుకోగలదో అంతే మొదటి ఏడు నాటాలి. మిగతా పొలంలో వచ్చే ఏడు కొంత, ఆ పై ఏడు కొంత. దీనివల్ల పనీ విడిపోతుంది, కోత కూడా ఒకే ఏడు వచ్చి పడకుండా వరసగా వస్తుంది. మనుషులు మరీ తక్కువైతే మొదటి నుంచీ వెడల్పుగా పెట్టండి, ఐదారు మీటర్ల దూరంలో. చెట్లు కాస్త కొమ్మలు వేస్తాయి, వాటిని కోసే పని పెరుగుతుంది, కానీ పలచన ఆలస్యమైతే జరిగే నష్టం ఉండదు. మధ్యలో పశువుల మేత పెంచుకోవచ్చు.

పలచనలో వచ్చే సన్న కర్రకు గిరాకీ ఉందో లేదో కూడా ముందే చూడాలి. అది అమ్ముడుపోతే పలచన చేస్తారు, పోకపోతే వాయిదా వేస్తారు. కంచె గుంజలు, పందిరి కర్రలు, వంటచెరకు, గుజ్జు మిల్లు, ఏదో ఒకటి దగ్గర్లో ఉండాలి. వియత్నాంలో అకేషియా పెంచే చిన్న రైతులను చూడండి. ఇంకో నాలుగైదేళ్లు ఆగితే కుర్చీలు, బల్లలకు పనికొచ్చే దుంగ వస్తుందని వాళ్లకు తెలుసు. అయినా చాలామంది ఐదారేళ్లకే పేపరు గుజ్జుకు అమ్మేస్తారు. తుఫాను వస్తే అంతా పోతుందన్న భయం, మధ్యలో డబ్బు అవసరం. అది తెలివితక్కువతనం కాదు. ఆగగలిగే స్తోమత వాళ్ల దగ్గర లేదు. మధ్యలో వచ్చే ఆదాయం ఏదో ఒకటి చూపించకుండా ముప్ఫై ఏళ్లు ఆగమని చెప్పే హక్కు ఎవరికీ లేదని నా గట్టి అభిప్రాయం.

ఒక ఇల్లు చెయ్యలేనిది నాలుగు ఇళ్లు కలిస్తే చెయ్యొచ్చు. మా పక్క పొలాలవాళ్లతో కలిసి ఇప్పుడు మేం చేస్తున్నది అదే. పొడవు కర్ర రంపాలు, హెల్మెట్లు ఉమ్మడిగా కొన్నాం. ఇద్దరు కుర్రాళ్లు చెట్టును ఏ వైపు పడవేయాలో, చెయిన్ రంపం ఎలా పట్టుకోవాలో పద్ధతిగా నేర్చుకున్నారు. వాళ్లకు కూలి రోజు లెక్కన ఇస్తాం, చెట్ల లెక్కన ఇస్తే తొందర పడి దెబ్బలు తగిలించుకుంటారని. ఏ చెట్టు ఉంచాలో గుర్తు పెట్టేటప్పుడు మాత్రం యజమాని, నేను, ఆ కుర్రాళ్లలో ఒకరు, ముగ్గురం కలిసి నడుస్తాం. ముందు ఉంచాల్సిన చెట్లకే రంగు వేస్తాం, తియ్యాల్సినవాటికి కాదు. నిటారుగా ఉండి, గుబురు బాగుండి, బెరడు మీద దెబ్బలు లేని చెట్టును ఎంచుకుని, దాన్ని ఇరుకున పెడుతున్న ఒకటి రెండింటిని తీసేస్తాం. మిగతావాటి జోలికి ఆ ఏడు వెళ్లం. ఇలా చేస్తే దూరంగా ఉండే యజమానులకు కూడా ఒప్పుకోవడం తేలిక. మా తమ్ముడు ఈసారి ఫోటోలు చూసి కొట్టేసేవి ఎన్ని అని అడగలేదు, రంగు వేసినవాటిలో ఏది అన్నిటి కంటే లావు అని అడిగాడు.

వానలు తగ్గి ఆకు రాలడం మొదలవగానే తర్వాతి పొలంలో గుర్తులు పెట్టాలి. అక్కడ యజమాని పెద్దావిడ, చెట్లు ఏడో ఏట ఉన్నాయి, గుబురు ఇంకా సగం ఎత్తు వరకు పచ్చగా ఉంది. సరైన సమయం. ఆవిడ మనవరాలు కూడా వస్తానంది. టేపు పట్టుకోవడం ఆ అమ్మాయికే ఇద్దామనుకుంటున్నాను.